కుర్రవాళ్ల పోటు

మూడో రౌండు మలుపు తిరిగానో లేదో, కుడి పక్కటెముకల కింద దబ్బనంతో పొడిచినట్టయింది. చెయ్యి దానంతటదే అక్కడికి పోయింది. పరుగు నడకైంది, నడక కాస్తా వంగిపోవడమైంది. తెల్లవారుజామున మా కాలేజీ గ్రౌండులో కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారయ్యే కుర్రాళ్లు పాతిక ముప్పై మంది ఉంటారు. వాళ్లలో ఒకడు నన్ను దాటిపోతూ, తల తిప్పి, "డొక్కల పట్టిందా సార్?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండానే పోయాడు. యాభై మూడేళ్లకు పరుగు మొదలుపెట్టినవాడికి ఇంతకన్నా అవమానం ఏముంటుంది!

గట్టు మీద కూర్చున్నాను. నాలుగు నిమిషాల్లో నొప్పి మాయం. వేళ్లతో నొక్కి వెతికినా జాడ లేదు. దీనితో చిక్కే అది. డాక్టరు గడప దాకా మనతో రాదు. ఆగితే పోతుంది, పోయినదాన్ని ఎవరు పరీక్షిస్తారు? గుండెకూ మోకాలికీ దక్కిన మర్యాద దీనికి దక్కకపోవడానికి అదే కారణమనుకుంటాను.

మనం దీన్ని పోటు అంటాం, కత్తిపోటులోని పోటు. ఇంగ్లీషులో స్టిచ్. కడుపునొప్పికీ కుట్టుపనికీ ఏం సంబంధమా అనుకునేవాణ్ని. తీరా చూస్తే పాత ఇంగ్లీషులో ఆ మాటకు అర్థం కూడా పొడవడమే. షేక్‌స్పియర్ 'టెంపెస్ట్'లో ప్రాస్పెరో కాలిబన్‌ను బెదిరించే శిక్షల్లో ఈ డొక్కపోటు కూడా ఉంది. నాటకం రాసే ముందు ఆ మహానుభావుడు కూడా ఎక్కడో పరిగెత్తి కూలబడి ఉంటాడని నా అనుమానం.

ఇంత పాత నొప్పికి కారణం ఇప్పటికీ తేలలేదు. బయాలజీ పుస్తకంలో ఉదరవితానం అని చదివాం కదా, పెళ్లిపందిరి లాంటి పేరు, ఊపిరితిత్తులకీ కడుపుకీ మధ్య కండరం. పరుగులో రక్తమంతా కాళ్లకు పోయి దానికి చాలక మూలుగుతుందని చాన్నాళ్లు అనుకున్నారు. ఆస్ట్రేలియా పరిశోధకులు మోర్టన్, కాలిస్టర్ 2000లో ప్రచురించిన సర్వేలో, ఏడాదిలో ఒక్కసారైనా ఈ పోటు వచ్చిందన్నవాళ్లు పరుగువాళ్లలో 70 శాతం దాకా ఉన్నారు. అందులో ఆశ్చర్యం లేదు. గుర్రపు స్వారీవాళ్లలోనూ సగానికి పైగా మాకూ వచ్చిందన్నారు. రొప్పేది గుర్రం, నొప్పి పైన కూర్చున్నవాడికి! ఆ గుర్రం పాత సిద్ధాంతాన్ని ఒక్క తన్ను తన్నింది.

అయితే కుదుపే కారణం అన్నారు కొందరు. జీర్ణాశయం, కాలేయం గాలిలో లేవు, పైన బంధనాలకు వేలాడుతుంటాయి. అడుగు పడ్డప్పుడల్లా సంచీ ఊగినట్టు ఊగి, ఆ తాళ్లను లాగుతాయని వాళ్ల మాట. "తిన్నవెంటనే గెంతితే పేగులు మెలిపడతాయిరా" అని మా నాయనమ్మ అరిచేది. ఆమె సిద్ధాంతం దీనికి దగ్గరి చుట్టమే. కానీ ఈతగాళ్లు దాన్నీ నిలవనివ్వలేదు. నీళ్లలో కుదుపెక్కడిది? వాళ్లకు పరుగువాళ్లకంటే కాస్త ఎక్కువే వస్తోంది. ఇప్పుడు మిగిలిన గట్టి అనుమానం పొట్ట గోడకు లోపల అస్తరు గుడ్డలా అంటుకుని ఉండే పెరిటోనియం మీద. కడుపు ఉబ్బి ఉంటే ఆ పొర ఒరుసుకుని మండుతుందట. కొందరికి డొక్కతో పాటు భుజం కొస కూడా నొప్పిపుట్టేది అందుకేనంటారు. ఆ పొరలో ఉదరవితానాన్ని ఆనుకున్న మేరకు కబురు మోసే నరం మెడ నుంచి దిగుతుంది. మెదడు చిరునామా పొరబడి నొప్పిని భుజానికి బట్వాడా చేస్తుంది.

కారణం తేలకపోయినా ఉపాయాలకు కొదవ లేదు. వేగం తగ్గించు, నొప్పి ఉన్నచోట మూడు వేళ్లతో లోపలికి నొక్కు, కాస్త ముందుకు వంగు, పెదాలు సున్నాలా చుట్టి దీపం ఆర్పకుండా ఊదినట్టు నిదానంగా ఊపిరి వదులు. నాకు పనిచేసేది ఈ ఊదడమే. పనిచేసేది ఊదడమో, ఊదడం కోసం నెమ్మదించడమో చెప్పలేను. ఆగి కూర్చున్నా తగ్గకపోతే, ఛాతీలోకో చేతిలోకో పాకితే మాత్రం అది వేరే నొప్పి. అప్పుడు ఉపాయాలు కట్టిపెట్టి ఆస్పత్రికి పోవాలి.

రాకుండా చూసుకోవడమంటే చాలావరకు కడుపు సంగతే. పరుగుకు ముందు రెండు గంటలైనా ఖాళీగా ఉంచాలి. ఆ రోజు నేను రెండిడ్లీలు తిని, పావుగంటకే బూట్లు వేసుకున్నాను. కుర్రాళ్లది ఇంకో తప్పు. సీసాలో గ్లూకోజు పొడి చిక్కగా కలిపి, పరుగుకు ముందు సగం గటగటా తాగేస్తారు. శక్తి వస్తుందని నమ్మకం. అంత తీపి నీళ్లు తొందరగా కడుపు దాటవు. పళ్లరసాలదీ అదే తంతు. నీళ్లయినా గుక్కెడు గుక్కెడుగా తాగడమే మేలు. 2022 తెలంగాణ కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో ముగించాలన్నారు. నాలుగు రౌండ్లు. మూడో రౌండులో డొక్క పట్టిందంటే ఏడాది చదువు ఆ గ్లూకోజు నీళ్లలో కలిసినట్టే. నాది ఇడ్లీ నష్టం, వాళ్లది ఉద్యోగం.

ఇవన్నీ చదువుతుంటే ఒక వాక్యం దగ్గర లేచి కూర్చున్నాను. ఈ పోటు చిన్నవయసు వాళ్లకే ఎక్కువట, వయసు పెరిగేకొద్దీ తగ్గుతుందట. అంటే నాకొచ్చింది కుర్రవాళ్ల నొప్పి! మా ఆవిడకు చదివి వినిపించాను. "కుర్రతనం డొక్కలో మిగిలిందన్నమాట" అని కూర తరగడంలో పడిపోయింది.

మర్నాడు అన్ని నియమాలూ పాటించాను. పరగడుపు. రెండు గుక్కల నీళ్లు. వీపు నిటారుగా. మొదటి రౌండు నిదానంగా. మూడో రౌండు మలుపు దాటింది, ఏమీ లేదు. గర్వంగా నాలుగో దాంట్లోకి అడుగుపెట్టాను. కలుక్కుమంది. నిన్నటి కుర్రాడు పక్కనుంచి దూసుకుపోతూ, నా చెయ్యి ఎక్కడుందో చూశాడు.

"ఇయ్యాల ఎడమ దిక్కా సార్?"