గోరంత కారు, కొండంత మంచు

చిన్న కారుకూ మంచుకూ పొత్తు కుదరదని లోకంలో ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. అందులోనూ ఇద్దరే కూచునే కారు, పైన గుడ్డ టాపు, నేలను రాసుకుంటూ పోయే పొట్ట, ఇంజను బలమంతా వెనక చక్రాలకే అందే ఏర్పాటు అయితే ఇక చెప్పనే అక్కర్లేదు. "చలికాలం వచ్చింది గదా, దాన్ని షెడ్డులో పెట్టి దుప్పటి కప్పెయ్యండి" అని సలహా ఇస్తారు. నేను దుప్పటి కప్పలేదు. పదకొండు చలికాలాలుగా తెల్లవారుజామున నాలుగున్నరకు ఆ కారులోనే పనికి పోతున్నాను. గొప్ప చెప్పుకోవడానికి కాదు సుమండీ ఈ మాట. ఆ కారు నాకు నేర్పిన పాఠం ఒకటి ఉంది. అది నలుగురికీ పనికొస్తుందని రాస్తున్నాను.

మేము ఉండేది న్యూయార్కు రాష్ట్రంలో సిరక్యూజ్ అనే ఊరు. న్యూయార్కు అనగానే ఆకాశాన్నంటే మేడలు తలచుకుంటారేమో. అవి మాకు చాలా దూరం. మాకు దగ్గరగా ఉన్నది ఒంటారియో సరస్సు. సముద్రమంత సరస్సు అది. శీతకాలం మొదట్లో దాని నీరు ఇంకా కాస్త వెచ్చగానే ఉంటుంది. ఉత్తరాన్నుంచి వచ్చే చలిగాలి ఆ నీటిమీదుగా వస్తూ తేమను మూట కట్టుకుని, ఒడ్డు దాటగానే ఆ మూటను మా నెత్తిన విప్పుతుంది. సగటున ఏడాదికి నూరంగుళాల పైచిలుకు మంచు. ఒక్కసారే పడదు లెండి. పడితే ఈ వ్యాసం రాసేందుకు నేను ఉండేదాన్ని కాదు.

కారు పేరు మాజ్దా మియాటా. 1989లో షికాగో కార్ల ప్రదర్శనలో మొదటిసారి లోకానికి చూపించిన బండి. మాది ఆ మొదటి తరందే. దీపాలు కనురెప్పల్లా పైకి లేస్తాయి. బరువు ఒక టన్నుకు అటూ ఇటూ. మావారు ముచ్చటపడి, ఎవరో వాడి వదిలేసినదాన్ని కొన్నారు. తీరా చూస్తే ఆయన కాళ్ళు అందులో పట్టలేదు. నా కాళ్ళు పట్టాయి. ఆ విధంగా అది నాదైంది.

ఇక నా పని సంగతి. డయాలిసిస్ కేంద్రంలో నర్సుని. మూత్రపిండాలు చెడినవాళ్ళకు యంత్రంతో రక్తం శుభ్రపరుస్తాము. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి సుమారు నాలుగు గంటలు. మంచు పడింది గదా అని మానుకునే వ్యవహారం కాదది. ఒక వంతు తప్పితే ఒంట్లో నీరు చేరుతుంది, రక్తంలో పొటాషియం పెరుగుతుంది, గుండెకే ముప్పు. ఉదయం మొదటి వంతువాళ్ళు చీకటితోనే వచ్చి కూచుంటారు. నర్సు రాకపోతే యంత్రం తనంతట తాను సూది గుచ్చదు. కనక మంచులో కారు నడపడం నాకు సరదా కాదు, వినోదం కాదు, ఉద్యోగంలో భాగం.

మొదటి శీతకాలంలోనే మా బంధువర్గమంతా ఏకమైంది. "నాలుగు చక్రాలకూ బలం అందే పెద్ద బండి కొను" అన్నారు. మావారు కూడా వాళ్ళ పక్షమే చేరారు. నేను సరే అనబోతున్న సమయంలో, మా కేంద్రంలో నాలుగో కుర్చీలో కూచునే ఒక ముసలాయన అడ్డు తగిలాడు. ఆయన ముప్పై ఏళ్ళపాటు రోడ్లమీద మంచు తోసే లారీ నడిపిన మనిషి. నేను సూది గుచ్చుతుంటే నా ముఖం చూసి, "ఏమమ్మా, దిగులుగా ఉన్నావు?" అన్నాడు. సంగతి చెప్పాను. ఆయన నవ్వి ఒక ప్రశ్న వేశాడు.

"నాలుగు చక్రాలకూ బలం ఉంటే బండి బాగా కదులుతుంది. నిజమే. మరి ఆపేది ఎవరు?"

ఆ ప్రశ్నే నా పాఠం. మీరూ ఒకసారి ఆలోచించండి. ఏ కారుకైనా బ్రేకులు నాలుగు చక్రాలకూ ఉంటాయి. పెద్దదైనా చిన్నదైనా ఆగేది టైరు నేలను పట్టుకున్నంత మేరకే. పెద్ద బండి మంచులో సునాయాసంగా బయలుదేరుతుంది గనక నడిపేవాడికి రోడ్డు బాగానే ఉందనే భ్రమ కలుగుతుంది. మొదటి మలుపులో గాని, మొదటి ఎర్రదీపం దగ్గర గాని ఆ భ్రమ వదలదు. మా రాజమార్గం పక్క గుంటల్లో జనవరి నెలలో చూస్తే పెద్ద బండ్లకేమీ కొదువ ఉండదు.

లెక్క కూడా చెబుతాను. గంటకు 30 మైళ్ళ వేగంలో బ్రేకు తొక్కితే పొడి రోడ్డుమీద కారు సుమారు 45 అడుగుల్లో ఆగుతుంది. గట్టిపడిన మంచుమీద 150 అడుగులు కావాలి. అద్దంలాంటి గడ్డమంచుమీద 300 అడుగులైనా చాలకపోవచ్చు. అయితే ఇందులోనే ఒక మేలు దాగి ఉంది. వేగం సగం చేస్తే ఆగే దూరం నాలుగో వంతుకు తగ్గుతుంది. 15 మైళ్ళ వేగంలో అదే మంచుమీద నలభై అడుగుల లోపే ఆగవచ్చు. కోట్లు పోసి కొన్న బండికి లేని సుగుణం మన కుడికాలి కింద ఉందన్నమాట.

రెండో సుగుణం టైర్లలో ఉంది. మామూలు టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల సెంటిగ్రేడు కన్న చల్లబడితే బిరుసెక్కడం మొదలుపెడుతుంది. చలికాలపు టైరు రబ్బరు వేరు. గడ్డకట్టే చలిలో కూడా మెత్తగానే ఉంటుంది. దాని ముఖంమీద సన్నని గాట్లు వందలకొద్దీ ఉంటాయి. ఆ గాట్లు మంచును కరిచి పట్టుకుంటాయి. పక్కన మూడు శిఖరాల కొండ, అందులో మంచుపువ్వు బొమ్మ అచ్చువేసి ఉంటే అది పరీక్షకు నిలిచిన టైరని గుర్తు. కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో 2008 నుంచి చలికాలంలో ఇటువంటి టైర్లు వేసి తీరాలని చట్టమే ఉంది. మా రాష్ట్రంలో అటువంటి చట్టం లేకపోయినా మా ముసలాయన నాకు చట్టం చేశాడు. "రెండు కాదు, నాలుగూ వెయ్యి. వెనక రెండే వేస్తే బండి కదులుతుందిగాని నీ మాట విని తిరగదు" అన్నాడు. పెద్ద బండికోసం దాచిన డబ్బులో కొద్ది భాగంతో నాలుగు టైర్లూ వచ్చాయి. మిగతాది మావారు చూడకముందే బ్యాంకులో వేశాను.

చిన్న కార్లు మంచులో నెగ్గిన చరిత్ర కూడా లేకపోలేదు. ఐరోపాలో జనవరి నెలలో జరిగే మాంటీకార్లో పందెంలో ఆల్ప్స్ కొండల మంచు దారుల్లో కార్లు పరుగెత్తుతాయి. 1964లో అక్కడ గెలిచింది పది అడుగుల పొడవున్న మినీ కూపర్. నడిపినవాడు పాడీ హాప్‌కిర్క్. 1965లో భయంకరమైన మంచు పడినా మళ్ళీ మినీయే, టిమో మాకినెన్ చేతిలో. 1966లో మొదటి మూడు స్థానాలూ మినీలవే అయినా దీపాల విషయంలో నియమం తప్పాయని వాటిని తోసిపుచ్చారు. 1967లో రావ్నో ఆల్టొనెన్ తిరిగి గెలిచాడు. మినీలో ఇంజను ముందు చక్రాలనే తిప్పుతుంది, నా కారుకు వెనకవి; ఆ తేడా ఉంది. అయినా ఆ పందెంలో నాకు నచ్చిన సంగతి వేగం కాదు. ఏ మలుపులో మంచు గడ్డకట్టిందో ముందుగా వెళ్ళి చూసి రాసుకొచ్చేందుకు వేరే మనుషులను పెట్టుకునేవారు. అంతటి మొనగాళ్ళు కూడా దారి సంగతి తెలుసుకోకుండా కదలరన్నమాట!

నడిపే పద్ధతి విషయానికి వస్తే, దానికి పునాది గుంటూరు జిల్లాలోని మా పల్లెటూళ్ళోనే పడింది. మాది నల్లరేగడి నేల. వాన కురిసినాక ఆ మట్టిమీద సైకిలు తొక్కి బడికి పోయేదాన్ని. గభాలున తొక్కితే చక్రం జారుతుంది, గభాలున బ్రేకు నొక్కితే మనిషే జారుతుంది. "రేగడితో మెల్లిగా మాట్లాడాలే తల్లీ" అనేవారు మా నాన్నగారు. మంచుతోనూ అంతే. మొదటి గేరు బదులు రెండో గేరులో, క్లచ్చి మెల్లగా వదులుతూ బయలుదేరాలి. గేరు తగ్గించేటప్పుడు క్లచ్చి గబుక్కున వదిలితే వెనక చక్రాలు బిగుసుకుని జారతాయి. వెనకభాగం కుడికి జారిందా, స్టీరింగు కుడికే తిప్పాలి. ఎడమకు జారితే ఎడమకే. కాలు బ్రేకు జోలికి పోకూడదు. చూపు గుంటవైపు కాదు, పోవలసిన దారివైపు ఉండాలి. కళ్ళు ఎటు చూస్తే చేతులు అటే పోతాయి. ఇన్నేళ్ళలో నాలుగైదుసార్లు నా కారు తోక ఊపింది. ప్రతిసారీ ముందుగానే చెప్పి మరీ ఊపింది. చిన్న కారులో ఉన్న గొప్ప అదే. నేలమీద ఏం జరుగుతోందో కూచున్న చోటినుంచే తెలుస్తుంది.

అయితే దాని బలహీనత కూడా చెప్పాలి. దాని పొట్టకూ నేలకూ మధ్య నాలుగైదు అంగుళాలకు మించి జాగా లేదు. అంతకన్న లోతు మంచు పడితే టైరు ఎంత మంచిదైనా కారు పడవలా పైకి లేచి నిలబడిపోతుంది. అందుకని మావారు గుమ్మం పక్కన ఒక చెక్కబద్ద పాతి, నాలుగు అంగుళాల దగ్గర ఎర్రగీత గీశారు. గీత మునిగితే నేను కదలను. మంచు తోసే లారీ వచ్చి పోయేదాకా ఆగి, దాని వెనకే పోతాను. దాన్ని ఎన్నడూ దాటను. మా ముసలాయన మాటల్లో, "ఊరు మొత్తానికి భద్రమైన చోటు నా లారీ వెనక ఉంది, మూర్ఖులకు మాత్రం అది కనపడదు."

ఎర్రగీతకు చిక్కని రోజొకటి వచ్చింది. బద్దమీద అరంగుళం కూడా లేదు. రాత్రి కురిసిన వాన నేలను తాకగానే గడ్డకట్టింది. మెట్టుమీద చెప్పు పెడితే నిలవలేదు. అటువంటి మంచుమీద ఏ టైరుకూ పట్టు చిక్కదు. కేంద్రానికి ఫోను చేసి, రోడ్లమీద ఉప్పు చల్లిందాకా రానని చెప్పాను. అవతల గొంతులో విసుగు వినిపించింది. "రోగులు వచ్చి కూచున్నారు" అంది. "నేను గుంటలో పడితే వాళ్ళకు ఇంకా ఆలస్యం అవుతుంది" అన్నాను. ఫోను పెట్టేశాక రెండు గంటలు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. ఆ రెండు గంటలూ నాలుగో కుర్చీయే కళ్ళముందు మెదిలింది. పక్క వీధిలో ఉండే మరో నర్సు నడిచి వెళ్ళి మొదటి ఇద్దరికీ సూదులు గుచ్చిందని తరవాత తెలిసింది. నేను వెళ్ళేసరికి ముసలాయన తన వంతుకోసం కూచుని ఉన్నాడు. కాళ్ళు కొద్దిగా వాచి ఉన్నాయి. నేనేమీ చెప్పకముందే, "నువ్వు రావని తెలుసు. వస్తే నీకు నేర్పినదంతా వృథా అయ్యేది" అన్నాడు.

ఆ ముసలాయన ఇప్పుడు లేరు. నాలుగో కుర్చీలో ఇంకొకరు కూచుంటున్నారు. మంచు పడిన రోజున మాత్రం నేను లారీ వెనక పోతూ ఆయనను తలచుకుంటాను.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, ఏటా ఆగస్టు నెలలో మన పిల్లలు హైదరాబాదునుంచీ, విజయవాడనుంచీ ఇటువంటి ఊళ్ళకు చదువుకోవడానికి వస్తారు. నలుగురు కలిసి పాత కారొకటి కొంటారు. నవంబరులో మంచు పడుతుంది. అప్పటిదాకా వాళ్ళు మంచును సినిమాలో తప్ప చూసి ఉండరు. మాకు పశ్చిమాన ఉన్న బఫెలో ప్రాంతంలో 2022 డిసెంబరు తుఫానులో నలభైమందికి పైగా చనిపోయారు. కొందరు చిక్కుబడ్డ కార్లలోనే దొరికారు. ప్రయాణాలు మానమని అధికారులు ఆజ్ఞ ఇచ్చిన తుఫాను అది.

కనక అమ్మలూ, అయ్యలూ! పిల్లవాడు "కారు కొనుక్కుంటాను, డబ్బు పంపండి" అని రాస్తే, కారు రంగేమిటని అడక్కండి. టైర్లు ఎటువంటివని అడగండి. నాలుగు టైర్లకు సరిపడా వేరేగా పంపండి. కారులో ఒక పార, రెండు దుప్పట్లు, చక్రాల కింద చల్లేందుకు ఒక ఇసుక సంచీ ఉంచుకోమనండి. మంచులో చిక్కుబడితే పొగగొట్టం చుట్టూ మంచు తీసేసిన తరవాతనే ఇంజను వెయ్యమనండి. గొట్టం మూసుకుపోతే విషవాయువు లోపలికి వస్తుంది, దానికి వాసన కూడా ఉండదు. ఇవన్నీ చెప్పాక ఇంకొక్క మాట చెప్పండి. ఏదో ఒకనాడు వాడు ఫోను చేసి, "ఇవాళ రోడ్డు బాగాలేదు, పరీక్షకు వెళ్ళలేదు" అంటాడు. అప్పుడు మాత్రం వాణ్ణి కోప్పడకండి.