మాంటరే తీరాన పదమూడు మైళ్ళు

కాలిఫోర్నియాలో మాంటరే అనగానే మనవాళ్ళకు గుర్తొచ్చేది అక్వేరియమే. నవంబరు హాఫ్ మారథాన్‌లో మాత్రం ఆ తీరమంతా కాళ్ళతోనే చూడొచ్చు. 21.1 కిలోమీటర్లు, మా ఇద్దరికీ మొదటిసారి.

ఒకప్పుడు సార్డిన్ చేపలను డబ్బాలకెత్తిన కేనరీ రో మీదుగా పరుగు. స్టయిన్‌బెక్ 1945లో వెలువరించిన నవల పేరునే 1958లో ఆ వీధికి పెట్టారు. తర్వాత పసిఫిక్ గ్రోవ్: ఒకపక్క పాతకాలపు చెక్క ఇళ్ళు, ఇంకోపక్క అలలు, లవర్స్ పాయింట్ (ఆ పేరుకి మా పిల్లలు ఒకటే నవ్వు!).

పదో మైలు దగ్గర మా ఆవిడకి మోకాలు పట్టేసింది.

"మీరు వెళ్ళండి, నేను నడిచొస్తా."

"కలిసే పూర్తి చేద్దామనుకున్నాంగా!"

ఒక మైలు నడిచాం. తర్వాత తనే "పదండి" అంటూ పరుగందుకుంది.

చివర్లో పిల్లలు అడిగారు, "ఎవరు ఫస్టు?"

"అమ్మే. అరడుగు ముందు."