పాపన్న పాటలో హసన్, హుస్సేన్

ఆగస్టు 18 దగ్గర పడుతోందంటే ఫోన్లలో రెండు రకాల మెసేజ్‌లు తిరగడం మొదలవుతాయి. ఒకటి బయటి నుంచి వస్తుంది: సర్వాయి పాపన్న తురకల మీద కత్తి దూసిన హిందూ వీరుడని. రెండోది మనవాళ్లే పంపేది: అతనొక లుటేరా, మన వరంగల్‌ను ముహర్రంలో దోచినవాడు, అలాంటివాడికి జయంతి ఏమిటని. రెండూ సగం కిస్సాలే. నేను ఉర్దూ మీడియంలో చదివి డిగ్రీ తెలుగులో చేసినవాణ్ణి కాబట్టి ఆ రెండు సగాలూ నా ముందుకే వచ్చి నిలబడతాయి.

ముందు ఫార్సీ తారీఖ్ సంగతి. ఖాఫీ ఖాన్ తన ‘ముంతఖబ్-ఉల్-లుబాబ్’లో పాపన్న గురించి చాలా కోపంగా రాశాడు. ఔరంగజేబ్ గుజరిపోయిన మరుసటి ఏడాది, 1708లో, హిజ్రీ 1120 షబె ఆషూరా. వరంగల్ జనమంతా తాజియాల పనిలో ఉన్నారు. పాపన్న రెండు మూడు వేల మంది కాలిబంటుతో, నాలుగైదు వందల గుర్రాలతో వచ్చి పడ్డాడు. సవార్లు దారులు మూసేశారు, కాలిబంటు తాళ్లు వేసి గోడలెక్కింది. దుకాణాలు, ఇళ్లు లూటీ అయ్యాయి. అప్పటికే మన వరంగల్ ఖాలీన్లకు మషూర్. అవీ పోయాయి. అన్నిటికంటే పెద్ద జుల్మ్, ఖాందానీ ఇళ్ల ఆడవాళ్లనూ పిల్లలనూ పట్టుకెళ్లడం. వాళ్లలో ఖాజీ ఇంటి ఆడవాళ్లూ ఉన్నారు. షాపూర్ ఖిలాలో వాళ్లను కైదీలుగా ఉంచాడు.

ఇక పాట సంగతి. గౌడుల ఇంట పుట్టిన పాపన్న, తల్లి కులం పని చేసుకోమంటే కాదని గోల్కొండ వైపు చూస్తాడు. ఆ పాట ఎంత దూరం వెళ్లిందంటే, బళ్లారి వైపు విన్న ఒక పాఠాన్ని బోయల్ అనే ఇంగ్లీషాయన 1874లో ‘ఇండియన్ యాంటిక్వరీ’ పత్రికలో అచ్చు వేశాడు. పాటగాళ్లు పాపన్న దోస్తుల పేర్లు ఏకరువు పెడతారు: చాకలి సర్వన్న, మంగలి మానన్న, కుమ్మరి గోవిందు, మేదరి యెంకన్న. వాళ్ల పక్కనే హసన్, హుస్సేన్, తురక హిమామ్, దూదేకుల పీరు, కొత్వాల్ మీర్ సాహెబ్.

ఈ పేర్లు మొదటిసారి చూసినప్పుడు నేను కాసేపు ఆగిపోయాను. ఏ పేర్ల కోసం ఊరు మాతం చేస్తున్న రాత్రి కోట పడిందో, అవే పేర్లు అతని పక్కనా ఉన్నాయి. వాళ్లు ఆ రాత్రి వరంగల్ వచ్చారని పాట చెప్పదు. అయినా పాపన్న గుంపు ఒక్క మజ్‌హబ్‌ది కాదన్న సంగతి పాటగాళ్ల జ్ఞాపకంలో నిలిచింది.

అవతలి పక్షమూ అంతే. పాపన్న తొలి రోజుల్లో దోచుకున్నది డబ్బున్న తన సొంత అక్కనే. అతన్ని పట్టి కైదులో వేసినవాడు కౌలాస్ జమీందార్ వెంకట్ రావు. మరి 1709లో బాద్షా బహదూర్ షా హైదరాబాద్ వచ్చినప్పుడు ఏం జరిగింది? పాపన్న పద్నాలుగు లక్షల రూపాయలు నజరానా పెట్టాడు, బాద్షా ఖిల్అత్ ఇచ్చాడు! బేటీలను పోగొట్టుకున్న ఖాందాన్లు రగిలిపోయాయి. షాహ్ ఇనాయత్ అనే బుజుర్గ్‌ను ముందు పెట్టుకుని దర్బార్‌కు ఫిర్యాదు తీసుకెళ్లాయి. ఆ తర్వాతే సూబేదార్ యూసఫ్ ఖాన్‌కు హుకుం వచ్చింది. 1710లో పాపన్న తల బాద్షా దగ్గరికి వెళ్లింది.

"అబ్బా, పాపన్న మనకు దుష్మనా?" అని మా అమ్మాయి ఓసారి అడిగింది. 'మనం' అంటే ఎవరమ్మా? ఖాజీ ఇంటివాళ్లమా, దూదేకుల పీరు ఇంటివాళ్లమా? వరంగల్ ముసల్మానుల్లో ఖాజీల, జాగీర్దార్ల ఔలాద్ ఎంతమంది? దూది ఏకినవాళ్లు, రాళ్లు కొట్టినవాళ్లు, బండి తోలినవాళ్లే కదా ఎక్కువ!

దూరంగా స్కాట్లండ్‌లోనూ ఇలాంటి ముచ్చటే ఉంది. ఇంగ్లండ్ సరిహద్దులో ఆర్మ్‌స్ట్రాంగ్, ఎలియట్ లాంటి ఖాందాన్లు రాత్రిపూట గుర్రాల మీద వెళ్లి పశువులను తోలుకొచ్చేవి. మనం రోజూ వాడే 'బ్లాక్‌మెయిల్' అన్న మాట వాళ్లు వసూలు చేసిన హిఫాజత్ సొమ్ము నుంచి పుట్టిందే. 1525లో గ్లాస్గో పెద్ద పాదిరి వాళ్లను శపించాడు. 1530లో స్కాట్లండ్ రాజు జానీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను ఉరి తీయించాడు. జనం మాత్రం జానీ మీద పాట కట్టారు. అలాంటి పాటలను వాల్టర్ స్కాట్ 1802-03లో కితాబ్‌గా వేశాడు. అందులో ఒక వితంతువు పాట ఉంది. రాజు చంపించిన మొగుణ్ణి ఆమె ఒంటరిగా మోసుకెళ్లి పాతిపెడుతుంది. దోపిడీదారు భార్యకైనా అక్కడ ఒక పాట దక్కింది.

మన దగ్గర పాపన్నకు పాట ఉంది, బాద్షాకు తారీఖ్ ఉంది. షాపూర్‌లో కైదైన ఆడవాళ్లకు రెండూ లేవు. ఖాఫీ ఖాన్ వాళ్లను ఖాందాన్ ఇజ్జత్ లెక్కలో రాశాడే గానీ వాళ్లేమన్నారో రాయలేదు. పాటగాళ్లు వాళ్ల కోసం ఆగలేదు. మనం ముహర్రంలో ఇన్ని మర్సియాలు చదువుతాం, కర్బలా తర్వాత బందీలుగా నడిచిన బీబీ జైనబ్‌ను తలుచుకుని ఏడుస్తాం. మన ఊరి బందీల మీద మాత్రం ఒక్క నౌహా కూడా నా చెవిన పడలేదు.

పాపన్నను పూజించమని నేను అనడం లేదు. గీత కార్మికుడి కొడుకు ఖిలా కట్టాడంటే ఆ ఫఖ్ర్ గౌడులకు ఎందుకు ఉండకూడదు? అది వాళ్లది, హసన్ హుస్సేన్ల వల్ల కొంచెం మనదీ. జుల్మ్‌ను మాత్రం జుల్మ్ అనే చెప్పాలి, ఎవరు చేసినా.

ఆ ఖిలా ఇంకా ఉంది. జనగామ జిల్లా రఘునాథపల్లి మండలం ఖిలాషాపూర్. ఒక జుమ్మా తర్వాతో, ఆదివారమో పిల్లల్ని తీసుకెళ్లండి. పాపన్న కిస్సా చెప్పండి, దూదేకుల పీరు పేరు మరిచిపోకండి. తిరిగి వచ్చే ముందు, పేర్లు కూడా మిగలని ఆ ఆడవాళ్ల కోసం అక్కడే నిలబడి ఒక ఫాతిహా చదవండి.