యాభై ఎనిమిది నిండినోళ్లు

అక్టోబర్ 1, 2024
అంతర్జాతీయ వయోవృద్ధుల దినం. కాలనీ వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే బోసినవ్వుల బొమ్మలు, శుభాకాంక్షలు. మధ్యాహ్నం అదే గ్రూపులో, మాల్‌లో కదిలే మెట్ల మీద కాలు పెట్టడానికి జంకుతున్న ఒక ముసలమ్మ వీడియో. కింద వరసగా నవ్వులు. రెండూ పంపింది ఒకే నంబరు.

అక్టోబర్ 3
పాశమైలారం పారిశ్రామికవాడ. లేత్ మీద పనిచేసే ఒకాయనకు 58 నిండాయి. పింఛను కోసం ఫారం 10డి నింపుతుంటే ఫోన్ తీసి చూపించాడు. ఉద్యోగుల పింఛను పథకం ఈపీఎస్-95లో కనీస పింఛను పెంచాలన్న వార్త. కింద కామెంట్లు: కాటికి కాళ్లు చాపుకున్నోళ్లకు మా పన్నులెందుకని.
"నేను ఎవల పైసలు అడుగుతున్న సార్?"
నిజమే. పీఎఫ్‌కు యజమాని కట్టే 12 శాతంలోంచి 8.33 శాతం పింఛను నిధికి పోతుంది. జీతం 15 వేలు దాటినా లెక్క అక్కడే ఆగుతుంది కాబట్టి నెలకు 1,250. సర్కారు కలిపేది 1.16 శాతం. కనీస పింఛను 2014 సెప్టెంబర్ నుంచి వెయ్యి రూపాయలే. 7,500 చేయమని పింఛనుదారులు ధర్నాలు చేస్తున్నారు.

అక్టోబర్ 4
పటాన్‌చెరు షేర్ ఆటోలో ఒక పిలగాడు "జర జరుగున్రి అంకుల్" అన్నాడు. జరిగాను. చోటు అడిగాడు, అంతే.
2022 ఆగస్టులో టీవీ యాంకర్, నటి అనసూయకు జరిగింది వేరు. ట్విట్టర్‌లో గుంపుగా ఆంటీ, ఆంటీ అని వెంటపడ్డారు. వయసు పేరుతో అవమానిస్తున్నారు, పోలీసులకు ఫిర్యాదు చేస్తానని ఆమె అంటే, ఇంకా రెచ్చిపోయారు. అప్పటికి ఆమెకు నలభై కూడా లేవు.

అక్టోబర్ 6, ఆదివారం
యూట్యూబ్ మై విలేజ్ షో గంగవ్వ మళ్లీ బిగ్‌బాస్‌లోకి వచ్చింది. 2020లో ఒంట్లో బాగాలేక మధ్యలోనే బయటికొచ్చింది. లంబాడిపల్లిలో కూలినాలి చేసి పిల్లల్ని పెంచిన మనిషి. కామెంట్లు చదివి వినిపిస్తే అమ్మ చెవి ఒగ్గింది. కొందరు, ఈ వయసులో ఇంట్లో కూసోక ఇదెందుకు అని. మిగతావాళ్లు, అవ్వ ఎంత ముద్దుగుందో అని.
అమ్మదీ ఇంచుమించు అదే ఈడు. "ముద్దేందిరా? అది దాని పని. పని చేస్తుంది, పైసలు తీస్కుంటది."

అక్టోబర్ 8
యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన బెక్కా లెవీ బృందం అధ్యయనం, 2014లో అచ్చయింది. ముసలివాళ్ల గురించి పెట్టిన 84 ఫేస్‌బుక్ గ్రూపులు చూశారు. ఒక్కటి తప్ప అన్నీ చిన్నచూపువే. గ్రూపుల పరిచయ వాక్యాల్లో 74 శాతం దుమ్మెత్తిపోసేవి, 37 శాతం వాళ్లను షాపింగ్‌లాంటి వాటికి రానివ్వొద్దనేవి, 27 శాతం పసిపిల్లల్ని చేసి మాట్లాడేవి. ఈ చివరిదాన్ని కూడా చిన్నచూపు కిందే లెక్కగట్టారు. యేల్ వాళ్లకు లెక్కలు కావాల్సి వచ్చాయి, అమ్మకు ఆ కామెంట్లు వింటే చాలింది. తిట్టేవాడికీ ముద్దు చేసేవాడికీ ఆ మనిషి చేసే పని మాత్రం కనపడదు.

అక్టోబర్ 9
లేత్ ఆయన సంతకం పెట్టడానికి వచ్చాడు. మా పన్నులెందుకన్న ఆ కామెంటు కింద జవాబు టైపు చేసిపెట్టమన్నాడు. 8.33 శాతం లెక్కంతా ఆయన చెప్పాడు, నేను కొట్టాను. టీ తాగేలోపు అవతల నుంచి తిరుగు జవాబు: "నీకెందుకు తాతా ఇవన్నీ, రామా కృష్ణా అనుకో."
జవాబిచ్చిన కుర్రాడి ప్రొఫైల్‌లో కంపెనీ యూనిఫాం ఫొటో ఉంది. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, ఈసారి తనే ఒక్కో అక్షరం వెతికి కొట్టాడు:
"నీ జీతంల గూడ పీఎఫ్ పడుతుండాలె బిడ్డా. పాస్‌బుక్ ఎన్నడన్న తెరిచి చూసినవా?"