పిల్లలతో బస్సులో అరకు లోయకు

పిల్లలతో ప్రయాణమంటే చాలామంది తల్లులు మొదట భయపడేది వాంతులకు, ఆ తర్వాత నీళ్ళకు, ఆ తర్వాత జ్వరానికి. “ఈ తంటా అంతా ఎందుకు, ఇంట్లో ఉంటే పోలా!” అనే వాళ్ళూ ఉన్నారు. అంత భయం అక్కరలేదు. తొందర మానుకుని, నాలుగు జాగ్రత్తలు తెలుసుకుని బయలుదేరితే చంటిపిల్ల ఉన్న కుటుంబం కూడా హాయిగా తిరిగి రావచ్చు. మొన్న చలికాలంలో మేము విశాఖపట్నం నుంచి అరకు లోయకు వెళ్ళివచ్చిన తీరు చెబుతాను. మీకూ పనికివస్తుంది.

పెద్దలం ఆరుగురం, పిల్లలు నలుగురు. అందరికన్నా చిన్నదానికి పది నెలలు, పెద్దవాడికి పన్నెండేళ్ళు. మా తోడల్లుడు పాత మినీబస్సు ఒకటి కొని, రవాణా శాఖ అనుమతితో దాన్ని చిన్న ఇల్లులా మార్పించాడు. ముందు సగంలో బెల్టులున్న సీట్లు. వెనక సగంలో చెక్కబల్లలు, వాటిమీద పరుపులు, కింద సామాన్ల అరలు, ఓ మూల మంచినీళ్ళ డ్రమ్ము. బండిలో ఇలాంటి మార్పులు చేయాలంటే అనుమతి ఉండాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టం చెబుతోంది. అది వట్టి కాగితాల గొడవ కాదు. బరువు ఒక పక్కకు ఒరిగిందా లేదా అన్నది ఘాట్ రోడ్డు మలుపులో తెలుస్తుంది.

ఒక నియమం మాత్రం గట్టిగా పెట్టుకున్నాం. బండి కదులుతున్నంతసేపూ పరుపుమీద ఎవరూ పడుకోకూడదు. చంటిదానికి కూడా బెల్టుతో బిగించే పిల్లల సీటే. పరుపులు బండి ఆగాకే.

విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. కారులో వెళ్ళేవాళ్ళు మధ్యాహ్న భోజనానికి చేరిపోతారు. మేము సాయంత్రం దాకా తీసుకున్నాం. శృంగవరపుకోట దాటాక కొండ మొదలవుతుంది కాబట్టి అక్కడే ఆగి, పిల్లలకు రెండేసి ఇడ్లీలు పెట్టాం. మలుపుల రోడ్డుకు ఖాళీ కడుపూ పనికిరాదు, పూరీలతో నిండిన కడుపూ పనికిరాదు.

కడుపులో తిప్పడం ఎందుకు వస్తుంది? మనం ఎటు కదులుతున్నామో లోపలి చెవి మెదడుకు చెబుతుంది. కళ్ళు పుస్తకం మీదనో, సెల్‌ఫోన్ మీదనో ఉంటే “కదలడం లేదు” అని చెబుతాయి. రెండు కబుర్లకూ పొత్తు కుదరక వికారం పుడుతుంది. రెండేళ్ళలోపు పిల్లల్లో ఇది అరుదు. ఆ తర్వాత పన్నెండేళ్ళదాకా ఎక్కువ. అందుకే పిల్లల్ని ముందు వైపు, రోడ్డు కనబడేలా కూర్చోబెట్టండి. మార్పించిన బస్సుల్లో గోడకు ఆనించి వేసే అడ్డబల్లలు చూడ్డానికి బాగుంటాయిగాని, ఘాట్‌లో వికారాన్ని పెంచుతాయి. కుదుపుకు పట్టూ దొరకదు. కిటికీ కొంచెం తెరవండి, దూరంగా ఉన్న కొండను చూడమనండి. మందు బిళ్ళలు మాత్రం డాక్టరును అడగకుండా వేయవద్దు. ప్రోమెథజిన్ వంటి మందు రెండేళ్ళలోపు పిల్లలకు అసలు ఇవ్వకూడదు.

అనంతగిరి దగ్గర కాఫీ తోటల్లో ఓ గంట ఆగాం. నీడకోసం వేసిన పెద్ద చెట్లు, వాటిని అల్లుకున్న మిరియాల తీగలు చూస్తూ పిల్లలు వికారం సంగతే మరిచిపోయారు. బొర్రా గుహల దగ్గర కోతులు ఎక్కువ. పిల్లల చేతిలో తినుబండారాలు ఉంచకండి. కోతి కరిచినా, గీరినా గాయాన్ని సబ్బుతో, ధారగా పోసే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళి పిచ్చికుక్క కాటుకు వేసే టీకా గురించి అడగాలి. పసుపు పెట్టి ఊరుకోవడం ప్రమాదం.

అరకులో రాత్రి చలి గట్టిగానే ఉంది. సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తు మరి. బయట బొగ్గుల కుంపటి మీద వంట అయింది. మా అత్తగారు, “పిల్లలు వణికిపోతున్నారు బాబూ, ఆ కుంపటి కాస్త లోపల పెట్టి అద్దాలు వేసేద్దాం” అన్నారు. ఆమె ప్రేమతోనే అన్నారు. కాని ఈ ప్రయాణం మొత్తంలో ప్రాణాలు తీయగల మాట అదొక్కటే.

మూసిన చోట బొగ్గు కాలినా, ఇంజను గాని జనరేటరు గాని నడిచినా కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆపిన కారవాన్‌లో ఇద్దరు ఇలాగే మరణించారు. జనరేటరు నుంచి వచ్చిన ఈ వాయువే లోపలికి చేరిందని నిపుణుల పరీక్షలో తేలింది. మొదటి లక్షణాలు తలనొప్పి, తల తిరగడం, వాంతి. చూశారా, అచ్చం ఘాట్ రోడ్డు వికారంలాగే! తేడా ఒకటే. బండి ఆగాక కూడా తగ్గకపోతే, ఒకేసారి ఇద్దరు ముగ్గురికి వస్తే, అనుమానించండి. అందరినీ బయట గాలిలోకి తీసుకువచ్చి, 108కి ఫోన్ చేయండి.

ఈ మాట చెప్పగానే అత్తగారే కుంపటి మీద నీళ్ళు చల్లించారు. ఇంజను ఆపి, రెండు కిటికీలు నాలుగు వేళ్ళ మేర తెరిచి, తెరిచినచోట దోమల వల కట్టి, పిల్లలకు ఉన్ని టోపీలు, మేజోళ్ళు తొడిగి రెండేసి దుప్పట్లు కప్పాం. తెల్లారేదాకా ఎవరూ లేవలేదు.

మర్నాడు పద్మాపురం తోటలో పిల్లలు మధ్యాహ్నం దాకా పరుగులు తీశారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో, సైనికులకు కూరగాయలు పండించడానికి వేసిన తోట అది. అక్కడే ఒకడికి విరేచనాలు పట్టుకున్నాయి. వెంట తెచ్చుకున్న ఓ.ఆర్.ఎస్. పొట్లం లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి, గుక్కగుక్కగా తాగించాం. పొట్లం లేకపోతే లీటరు నీళ్ళకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, తలకొట్టి కొలిచి కలపండి. ఏ రోజు కలిపింది ఆ రోజే వాడాలి. పిల్లవాడు మగతగా ఉన్నా, మూత్రం రాకపోయినా, విరేచనంలో రక్తం పడినా ఆలస్యం చేయక డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.

ఏజెన్సీ ప్రాంతంలో మలేరియా ఇంకా ఉంది. ఇంటికి చేరిన కొన్ని వారాల్లో ఎవరికైనా జ్వరం వస్తే, “మేము అరకు వెళ్ళివచ్చాం” అని డాక్టరుతో చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి.