ఏడు గడియల యాకాశము: దాచేపల్లి నుండి ఖోడదు వఱకు

పలనాటి సీమలో నాగులేటి యొడ్డున దాచేపల్లి యున్నది. అది సున్నపురాతి నేల. ఇండ్లలో పఱచు నాపరాళ్లు, సిమెంటు కర్మాగారములు, కళ్లములలో నెఱ్ఱగా నారబోసిన మిరపకాయలు, ప్రత్తిచేలు - బాటసారి కన్నులకు మొదట గోచరించున వివియే. కృష్ణానది యెంతయో దూరము లేదు; నడికుడి రైలుకూడలి చెంతనే యున్నది. ఈ ప్రాంతమునందే గామాలపాడను పల్లె కలదు. నాయకురాలు నాగమ్మ పెరిగిన దచటనే యని పలనాటివారు చెప్పుకొందురు. వేటలో నలసి వచ్చిన రాజున కామె సేద దీర్చెననియు, వరము కోరుకొమ్మన్నప్పుడు ఏడు గడియల మంత్రిత్వము నడిగెననియు జనశ్రుతి. గడియ యనగా 24 నిమిషములు. ఏడు గడియలు మూడు గంటలకు 12 నిమిషములు తక్కువ. ఆ కొద్దిపాటి కాలముతోనే యామె పలనాటి చరిత్రను మార్చినదని కథ.

సోదరీమణులారా! కాలమునే వరముగా నడుగు తావు నేడును కలదు. అయితే అచట నడుగునది రాజ్యముపై నధికారము గాదు, ఆకాశమును చూచు నవకాశము. రాజానుగ్రహముతో నచట పనిలేదు. అడిగిన ప్రశ్న యెంత విలువగలదో యదియే ప్రధానము. ఆ తావు మహారాష్ట్రములోని ఖోడదు గ్రామము. అందున్నది మన దేశపు మహా రేడియో దూరదర్శిని. దానిని జెయంట్ మీటర్‌వేవ్ రేడియో టెలిస్కోపు అందురు.

మన సీమనుండి పోవువారు నడికుడిలో రైలెక్కి సికింద్రాబాదు చేరి, అచటినుండి వాడి, కలబురగి, షోలాపురముల మీదుగా పూణె పోవలెను. పూణె నుండి నాసికపు రహదారిని ఉత్తరముగా సాగినచో నారాయణగావ్ వచ్చును. ద్రాక్షతోటలకును, తమాషా మేళములకును అది పేరుగాంచిన యూరు. 1630లో శివాజీ జన్మించిన శివనేరి దుర్గ మా సమీపమునందే కలదు. నారాయణగావ్ నుండి తూర్పుగా కొంతదూరము పోవగనే చేల నడుమ తెల్లని మహాపాత్రలు నింగివంక నోరు తెఱచి నిలిచియుండుట కానవచ్చును.

అట్టి పాత్రలు మొత్తము 30. ఒక్కొక్కదాని వెడల్పు 45 మీటర్లు. 14 పాత్రలు నడుమ గుంపుగా నున్నవి. తక్కిన 16 మూడు దిక్కులకు చాచిన చేతులవలె సుమారు 25 కిలోమీటర్ల మేర వ్యాపించియున్నవి. అన్నియు తాము విన్నదానిని గాజునారల తీగెలద్వారా నడిమి భవనమునకు పంపును. అచట యంత్రములు వానిని జతపఱచగా, ముప్పది చెవులును గూడి 25 కిలోమీటర్ల వెడల్పుగల యొక్క చెవి చూపునంతటి సూక్ష్మతను చూపును.

దగ్గఱగా చూచినవారికి మఱియొక వింత తోచును. ఆ పాత్రలు రేకుతో చేసినవి కావు. సన్నని ఉక్కుతీగె వలను త్రాళ్లపై బిగించి కట్టినవి. వలకన్నులు 10 మొదలు 20 మిల్లీమీటర్లు మాత్రమే. ఆకాశమునుండి వచ్చు దీర్ఘతరంగములకు ఆ కన్నులు గోడతో సమానము. గాలికి మాత్రము తెఱచిన వాకిలి. అందుచే పెనుగాలి వీచినను బరువు పడదు, వ్యయమును తగ్గినది. ఈ యుపాయమును పన్ని యీ నిర్మాణమును నడపినవారు గోవింద స్వరూప్ గారు (1929-2020). అంతకుముందు 1970లో ఉదకమండలము చెంత కొండవాలుపై 530 మీటర్ల పొడవు గల దూరదర్శినిని నిలిపినవారును వారే.

రేడియో దూరదర్శినికి రేయింబవళ్ల భేదము లేదు. మబ్బు అడ్డము రాదు. దానికి శత్రువు మన సందడియే. కోట్లకొలది సంవత్సరములు పయనించి వచ్చిన తరంగము మిక్కిలి బలహీనమైనది. ప్రక్కనున్న చేతిఫోను పలుకు దానిముందు ఉఱుమువంటిది. కావున చూడబోవువారు ఫోనుల నాపివేయవలెను.

ఇక కాలము నడుగు విధము చెప్పెదను. 2002 నుండి ఈ దూరదర్శిని సకలదేశముల జ్యోతిశ్శాస్త్రజ్ఞులకును తెఱచియున్నది. ఏటికి రెండు విడతలు: ఏప్రిలు మొదలు సెప్టెంబరు వఱకొకటి, అక్టోబరు మొదలు మార్చి వఱకు మఱియొకటి. కొన్ని నెలల ముందుగనే దరఖాస్తును అంతర్జాలము ద్వారా పంపవలెను. రుసుము లేదు. వ్రాయవలసినవి ముఖ్యముగా నాలుగు: దేనిని చూడగోరుదురు, ఏల చూడగోరుదురు, ఏ తరంగములలో, ఎన్ని గంటలు.

“ఏల” యన్నదే కష్టము. ఫలానా నక్షత్రమండలము మనోహరముగా నున్నదని వ్రాసిన నెవ్వరును గంటకాల మియ్యరు. ఇంతవఱకు తెలిసినదేమి, తెలియనిదేమి, ఈ చూపుచే తేలునదేమి, అనుకొన్న ఫలము రాకున్నను నేర్చుకొనున దేమైన కలదా - ఇది యంతయు కొద్ది పుటలలో తేటపఱచవలెను. “ఎన్ని గంటలు” అనుటకును లెక్క కావలెను. కాలమును నాలుగింతలు చేసినగాని చూపు రెండింతలు సూక్ష్మము గాదు. మఱియు బంగారము తూచుటకు ముందు త్రాసును సరిచూచినట్లు, తేజస్సు ముందే తెలిసిన జ్యోతిస్సులను నడుమనడుమ చూచి పరికరమును సరిచూచుకొనవలెను. ఆ కాలమును గూడ అడిగిన గంటలలోనే కలుపవలెను. నాగమ్మ యడిగిన యేడు గడియలలో పెద్ద భాగ మిట్లు త్రాసు సరిచూచుటకే పోదా యని కూడ ముందే యోచింపవలెను.

దరఖాస్తులను ఆ విద్యలో నిపుణులు చదివి యభిప్రాయము వ్రాయుదురు. పిమ్మట కాలమును పంచు సంఘము నిర్ణయించును. ఉన్న కాలము కంటె కోరు కాలమే యెక్కువ. కావున కొందఱికి తక్కువ గంటలు దక్కును, కొందఱికి దక్కనే దక్కవు. ఆ ప్రశ్ననే సవరించి తరువాతి విడతలో మరల నడుగవచ్చును. ఆకాశమున నక్షత్ర మొకటి హఠాత్తుగా ప్రేలినచో, విడతకై వేచియుండక దర్శకుని విచక్షణలోనున్న కాలమును వేడు మార్గమును కలదు.

అడిగినవారికి దొరకిన ఫలితములు 18 నెలలు వారివే, ఆపై లోకమందఱివి. దాచేపల్లిలో కూర్చుండి యొక బాలిక ఆ భాండారమును శోధింపవచ్చును. ఇది ఊహ కాదు. 2013లో ఆనంద హోతా గారు నెలకొల్పిన “ర్యాడ్ ఎట్ హోమ్” అను సమాజము విజ్ఞానశాస్త్రము చదివినవారికి ఇట్టి చిత్రములను పరిశీలించుట నేర్పుచున్నది. వారు గుర్తించిన వింత వస్తువులను మరల చూచుటకై యీ దూరదర్శినియందే కాలము నడిగి పొందిరి. మన తెలుగునేలకు దగ్గఱగా, సంగారెడ్డి చెంత కందిలోనున్న హైదరాబాదు ఐ.ఐ.టి. వారును ఒక మహాకార్యమున పాలుగొనిరి. పల్సారులను జ్యోతిస్సులను గడియారములుగా గొని, విశ్వమున వ్యాపించు గురుత్వతరంగముల జాడలు తెలుపు ఫలితమును 2023లో ప్రకటించిన బృందములలో వారుండిరి. అందుకు వాడిన దూరదర్శినులలో ఖోడదుది యొకటి.

ఆ పల్సారులను తొలుత కనుగొన్నది యొక విద్యార్థిని. 1967లో కేంబ్రిడ్జిలో జోసెలిన్ బెల్ కాగితపు చుట్టలపై గీతలను ఓపికతో పరికించి, ఎవ్వరును లెక్కింపని చిన్న యలజడిని పట్టుకొనినది. 1974లో నోబెలు బహుమానము ఆమె గురువునకు వచ్చినది, ఆమెకు రాలేదు. 2018లో తనకు లభించిన ముప్పది లక్షల డాలర్ల బహుమానమును ఆమె భౌతికశాస్త్రమున నవకాశములు తక్కువైన విద్యార్థులకే యిచ్చివేసినది.

కావున మన యిండ్లలో భౌతికశాస్త్రము చదువు బాలికను “ఇంక చాలును” అని ఆపుటకు ముందు ఒకమా రాలోచింపుడు. ఆ దరఖాస్తునకు కావలసినది కలిమియు కాదు, సిఫారసును కాదు. గణితము, ఓపిక, ఉన్నది యున్నట్లు వ్రాయగల నేర్పు. అవి పొందుటకు కొన్ని సంవత్సరముల చదువు పట్టును. ఆ సంవత్సరముల నామెకు ఇయ్యవలసినది ఏ సంఘమును కాదు, మనమే.

ఏటేట ఫిబ్రవరి 28న వచ్చు జాతీయ విజ్ఞాన దినోత్సవ సమయమున ఖోడదులో ప్రదర్శన జరుపుట వాడుక. తక్కిన దినములలో పోదలచువారు ముందుగా వ్రాసి యనుమతి పొందవలెను. ఫిబ్రవరి మనకు మిరపకోతల కాలము. తీరిక దొరకుట కష్టమే. అయినను నాలుగు దినములు వీలుచేసికొని యాడపిల్లలను వెంట గొనిపొండు. ఆ మహాపాత్రల క్రింద నిలిచి వారడుగు మొదటి ప్రశ్నను ఒక కాగితముపై వ్రాసి దాచుడు.