పాతకలప కొరకు మూడూళ్లు

ఇంటికి కలప నెన్నుట పురుషుల పనియని మనము దూరముగా నుందుము. కాని వసారాలో మంచము వాల్చుకొని పగలెల్ల గడపునది అత్తగారు; అచట నాడుకొనువారు బిడ్డలు. దూలము విరిగినచో దాని క్రింద నుండువారు వారే. అందుచేత జగిత్యాలలో మా యింటిముందర పెంకుల వసారా వేయదలచి, క్రొత్తటేకు వెల కందలేక పాతకలప వెదుకబోయినపుడు మేమును మావారి వెంట బయలుదేరితిమి.

జగిత్యాల నక్షత్రాకారపు కోట గల యూరు. ఇపుడచట పాత పెంకుటిండ్లను విప్పి స్లాబు మిద్దెలు కట్టుచున్నారు. విప్పిన మొగరములు, దూలములు, దంతెలు, దర్వాజలు అమ్మువారి యొద్ద గుట్టలుగా బడియున్నవి. గోదావరి కావలి ఆదిలాబాదు అడవులు టేకునకు నెలవులగుటచే అమ్మువాడు ప్రతికొయ్యను టేకనియే చెప్పును. ఎండవానలు తిన్న కొయ్యలన్నియు బూడిదవన్నెకు దిరుగును గనుక పైచూపున భేదము తెలియదు. మా వెంట వచ్చిన వృద్ధ వడ్రంగి మరుగుగా నున్న మూల ఉలితో గోరంత చెక్కి చూపెను. టేకైనచో లోపల బంగారుగోధుమవన్నె, చేతికి కొంచెము జిడ్డు, పాతతోలు వంటి వాసన. నల్లమద్ది ముదురుగోధుమవన్నెపై నల్లచారలు గలది, మిక్కిలి బరువు. ఘనమీటరు టేకు సుమారు 650 కిలోలు తూగగా, మద్ది 800 దాటును. మామిడికి వన్నెయు లేదు, చేవయు లేదు, వానలో నిలువదు.

ఐనను టేకను పేరు చాలదు. చేవ చుట్టును నుండు తెల్లకొయ్య టేకుదైనను చెదకు ఆహారమే. అచట మేము చూచిన యొక దూలమునకు నాలుగంచులును తెలుపే. అది లేతచెట్టు, దాని నట్లే విడిచితిమి.

కోరుట్లలో దర్వాజలు చాల నుండెను, అన్నియు రంగులు పూసినవే. ఇంటిరంగులలో సీసము పదిలక్షలకు 90 పాళ్లు మించరాదను నిబంధన మనదేశమున 2017లో గాని అమలునకు రాలేదు. అంతకు పూర్వపు రంగులో నెంత సీసమున్నదో చూపునకు దెలియదు. పొడిగా రుద్దిన ధూళి పసిబిడ్డల మెదడునకు హాని. సోదరీమణులారా, రంగుకొయ్య ముక్కలను పొయ్యిలో బెట్టకుడు. నీళ్లు కాగుటకు గూడ వలదు.

మేకులచుట్టు నల్లమచ్చలు చూచి మేము జంకితిమి. వడ్రంగి నవ్వి, ఇనుము కొయ్యలోని వగరుతో గలిసిన నలుపది, ఉలికి గట్టిగా దగిలిన భయము లేదనెను. పుచ్చినది మెత్తగా దిగబడి, అడ్డముగా పొట్టిపెళ్లలై విరుగును. గోడలో నాటుకొనియున్న కొసలే ముందు పుచ్చును గనుక వాని నెప్పుడును చూడవలయును. సన్నని రంధ్రములున్నచో క్రింద తెల్లగుడ్డ పరచి తట్టవలయును. క్రొత్తపిండి రాలిన పురుగింకను లోపలనే యున్నదన్నమాట. బియ్యము చెరుగు మనకీ పరీక్ష యొకరు నేర్పనక్కరలేదు.

అచటినుండి దక్షిణముగా సిరిసిల్లకు బోయితిమి. మరమగ్గములు వచ్చిన పిమ్మట మూలబడిన చేమగ్గముల కొయ్యలచట నమ్మకమునకు వచ్చినవి. చేతులరాపిడికి నిగనిగలాడుచున్నవి, ఒక్క పగులు లేదు. మాకు మనసాయెను గాని, ఎన్నియేండ్లు కప్పుక్రింద నున్నదైనను దానివలన వానకు నిలుచునని తేలదు. ఇంటిలోపలి కొయ్య యింటిలోపలికే.

సిరిసిల్లకు దిగువ మానేటిపై గట్టిన మధ్యమానేరు జలాశయమున గ్రామములు మునిగినవి. అచటినుండి వచ్చి పునరావాసపు కాలనీలో నుండు నొక అమ్మ తమ పశువులకొట్టపు మొగరములు ఆరింటిని చూపెను. నల్లమద్దివి. ఎన్నో వానకాలములు బయట నిలిచినవి. అడుగున మూరెడు మాత్రము పుచ్చినది. నేలను తాకుచోట తేమయు గాలియు గూడుటచే నచటనే చెడును. కొయ్యలో తేమ నూటికి 20 పాళ్ల లోపున్నచో బూజు పట్టదందురు. వాని ప్రక్కనే పెద్దదర్వాజ నిలిపియుండెను. గడపకు పూసిన పసుపింకను మాయలేదు. దానివెల మావారడుగగా నామె గడపపై చేయివేసి, "అది అమ్మ, అన్నా" అనెను. మేము మరల నడుగలేదు.

మొగరములు కొని, పుచ్చిన భాగము కోయించి, నేలలో పాతక జానెడెత్తు రాతిదిమ్మెలపై నిలిపించితిమి. పైకొసలకు రేకు తొడిగించితిమి. దంతెలకు జగిత్యాల టేకే చాలినది. అమ్మువాడూరక యిచ్చిన మామిడిపలక వంటింటిలో ఆవకాయజాడీల క్రింద నున్నది.